'ఫీజు సంగతి చూసుకుందాంలే' - ఈ మాట కోర్టులో చెల్లుతుందా?

హైదరాబాదు నుంచి ఊరెళ్తుంటే కోదాడ దాటగానే నాకు ఇల్లొచ్చేసినట్టే ఉంటుంది. ఇంకాస్త ముందుకెళ్తే చిల్లకల్లు టోల్‌గేటు. 2021లో ఫాస్టాగ్ తప్పనిసరి చేశాక అక్కడ ఎక్కువసేపు ఆగే పని లేదు గానీ, మొన్న మా ముందున్న లారీ ట్యాగు ఎంతకీ చదవక లైనంతా ఆగిపోయింది. ఏం తోచక పక్కనున్న రేట్ల బోర్డు చదవడం మొదలెట్టాను. కారుకింత, మినీ బస్సుకింత, రెండు ఇరుసుల లారీకింత. ఒకవైపు వెళ్తే ఇంత, 24 గంటల్లోపు తిరిగొస్తే ఇంత, నెల పాసు ఇంత. కట్టడం ఇష్టం లేకపోవచ్చు, తిట్టుకుంటూ కట్టొచ్చు. ఎంత కట్టాలన్న దగ్గర మాత్రం వాదనకి సందు లేదు.

ఆ బోర్డు చూస్తే నాకు కడుపు మండింది. ఆరేళ్ళ కిందట నేను 'ఓకే' అన్న ఒక సాఫ్ట్‌వేర్ లైసెన్సులో ఈపాటి స్పష్టత కూడా లేదు మరి.

అప్పుడు నేను హైదరాబాదులో ఓ చిన్న ప్రోడక్ట్ కంపెనీలో పనిచేసేవాణ్ణి. అంతా కలిపి పాతికమందిమి. రిపోర్టులు తయారుచేసే భాగం మేం రాసుకోకుండా వేరే కంపెనీ దగ్గర తీసుకుని మా ప్రోడక్ట్‌లో కలిపాం. ఒప్పందంలో మొదటి ఏడాది ఫీజు అంకెల్లో ఉంది. ఆ పైన వాడకం పెరిగితే 'తగిన అదనపు ఫీజు ఇరుపక్షాలూ ఎప్పటికప్పుడు మాట్లాడుకుని నిర్ణయించుకుంటాయి' అని ఒకే ఒక్క వాక్యం. మా ఎండీ ఆ కాగితాలు పంపి ఓసారి చూడమన్నాడు. నేను ఏపీఐ లిమిట్లు, సపోర్టు గంటలు చూసి 'ఓకే' అని మెయిలు కొట్టా. ఆ ఫీజు వాక్యం నాకు కనబడకపోలేదు. చూసుకుందాంలే అనుకున్నా.

రెండేళ్ళు పెద్దగా ఎవరూ ఏమీ అడగలేదు. మూడో ఏడు బిల్లొచ్చింది. మా పాతికమంది రెండు నెలల జీతాలకన్నా ఎక్కువ.

మీటింగులో రెండు పార్టీలయ్యాం. "అసలు రేటే రాయలేదు కదా, ఆ క్లాజు చెల్లదు, పైసా కట్టక్కర్లేదు" అని ఒకరు. "సంతకం పెట్టాక ఇంకేముంది, అడిగినంతా కట్టాల్సిందే" అని ఇంకొకరు. ఇద్దరూ తప్పేనని తర్వాత తెలిసింది. ఎందుకు తప్పో చెప్పడానికే ఈ టపా. నేను లాయర్ని కాను, కోడ్ రాసుకునేవాణ్ణి. చేతులు కాలాక చదివి తెలుసుకున్న సంగతులివి.

*

ఈ చదువు మొదలైంది మా అరుగు మీద. మా బాబాయి చాలా ఏళ్ళు నందిగామలో ప్లీడరు గుమాస్తాగా చేశాడు. కోర్టు భాష ఆయనకి కొట్టినపిండి. నా గోడంతా విని నవ్వేశాడు.

"ఒరే అబ్బాయ్, ఇదేదో మీ కంప్యూటర్లోళ్ళు కొత్తగా కనిపెట్టిన తగువనుకుంటున్నావా? ఈ మెట్టలో రైతుకీ జమీందారుకీ నూరేళ్ళు నడిచిన తగువిదే. పట్టాలో శిస్తు సరిగా రాయకపోతే ఎంత కట్టాలి?"

"ఎంత కట్టేవాళ్ళు బాబాయ్?"

"అదే చట్టంలో రాశారు. వెళ్ళి చదువుకో."

చదివాను. నందిగామ, జగ్గయ్యపేట ప్రాంతం ఒకప్పుడు వాసిరెడ్డి వారి జమీందారీ. బేతవోలు దగ్గర పేట కట్టించి దానికి తండ్రి జగ్గయ్య పేరు పెట్టింది రాజా వాసిరెడ్డి వెంకటాద్రి నాయుడే. 1816లో ఆయన పోయాక దత్తపుత్రుల తగువు లండన్‌లో ప్రివీ కౌన్సిల్ దాకా పోయింది. అది పెద్దవాళ్ళ తగువు. రైతు తగువు చిన్నది, కానీ ఏటా వచ్చేది. ఈ ఏడు నేనెంత కట్టాలి?

1802లో కంపెనీ ప్రభుత్వం మద్రాసు రాజధానిలో శాశ్వత శిస్తు ఏర్పాటు చేసింది. జమీందారు సర్కారుకి కట్టే పేష్కషు అంకెల్లో ఖాయమైంది. మరి రైతు జమీందారుకి కట్టేదో? దానికోసం అదే ఏడాది పట్టా రెగ్యులేషను తెచ్చారు. జమీందారు రైతుకి రాతపూర్వకంగా పట్టా ఇవ్వాలి, ఏమేం కట్టాలో అందులో ఉండాలి, కొత్త పన్నులు ఏ పేరుతోనూ వెయ్యకూడదు. గొప్ప మాటలే. కానీ పట్టా ఇవ్వకపోతేనో, ఇచ్చిన పట్టాలో శిస్తు తేలకపోతేనో ఏమిటన్న ప్రశ్న మిగిలే ఉంది.

ఆ ప్రశ్నకి జవాబు 1865 మద్రాసు రెంట్ రికవరీ చట్టంలో ఉంది. పట్టాలో ఏముండాలో ముందు చెప్పారు: భూమి ఎక్కడుంది, ఎంత, శిస్తెంత, అది డబ్బా ధాన్యమా, దాంతోపాటు ఆచారం ప్రకారం కట్టాల్సిన రుసుములేమిటి, ఎప్పుడు కట్టాలి. రైతు దానికి బదులుగా ముచ్చిలికా రాసివ్వాలి. ఇద్దరి చేతిలోనూ కాగితం ఉంటుందన్నమాట. సరైన పట్టా ఇవ్వని జమీందారు, ఇవ్వబోతే రైతు కాదన్నాడనో, కాగితాలక్కర్లేదని ఇద్దరూ ఒప్పుకున్నారనో చూపించలేకపోతే, శిస్తు కోసం దావా వెయ్యడానికే వీల్లేదు.

ఇక శిస్తు మీద తగువొస్తే ఏం చెయ్యాలన్నది 11వ సెక్షన్లో మెట్లు మెట్లుగా రాశారు. మొదటి మెట్టు, ఒప్పందం ఉంటే అదే అమలు. నోటితో చెప్పకపోయినా నడవడికని బట్టి తెలిసే ఒప్పందమైనా సరే. రెండో మెట్టు, ఒప్పందం లేకపోయి, 1859కి ముందే సర్కారు సర్వే చేసి పొలానికి డబ్బు శిస్తు కట్టి ఉంటే ఆ అంకె. అదీ లేకపోతే ఆ ఊరి వాడుక. వాడుక కూడా తేలకపోతే చుట్టుపక్కల అలాంటి భూములకి ఇస్తున్న రేటు. ఈ రేట్లు ఏ పక్షానికి నచ్చకపోయినా ఆ తర్వాతి మెట్టు వారం, అంటే పంటలో ఆ ఊళ్ళో మామూలుగా నడిచే పాలు.

ఇది చదివినప్పుడు నాకు ఆశ్చర్యం వేసింది. మనం కోడ్‌లో రాసే ఫాల్‌బ్యాక్ వరసే ఇది! కాన్ఫిగ్ ఫైల్లో విలువ ఉంటే అది తీసుకో, లేకపోతే పాత రన్ ఏం వాడిందో చూడు, అదీ లేకపోతే అందరూ వాడే డిఫాల్టు. ఎక్కడా 'విలువ లేదు కాబట్టి సున్నా' అని లేదు. 'విలువ లేదు కాబట్టి జమీందారు చెప్పిందే' అని కూడా లేదు. మా మీటింగులో రెండు పార్టీల వాదనా 1865లోనే కొట్టేశారన్నమాట :)

చట్టంలో ఉన్నంత మాత్రాన ఊళ్ళో జరిగిందని కాదు. మునగాల పరగణా అప్పట్లో కృష్ణా జిల్లా నందిగామ తాలూకాలోదే, చుట్టూ మాత్రం నిజాం రాజ్యం. అక్కడ వెట్టికీ, పట్టాలో లేని వసూళ్ళకీ వ్యతిరేకంగా 1930ల్లో రైతులు ఉద్యమమే చెయ్యాల్సొచ్చింది. కాగితం మీద శిస్తు ఒకటైతే, కొలిచే కుంచం దివాణం మనిషి చేతిలో ఉండేది. ఈ కుంచం సంగతి గుర్తుపెట్టుకోండి, మళ్ళీ వస్తుంది.

*

సరే, జమీందార్లు 1948 చట్టంతో పోయారు. ఇప్పుడు మన లైసెన్సులకి వర్తించే చట్టం ఏమంటుంది?

1872 నాటి భారత కాంట్రాక్టు చట్టం, 29వ సెక్షను. అర్థం స్పష్టంగా లేని, స్పష్టం చేసుకునే వీలు కూడా లేని ఒప్పందాలు చెల్లవు. ఇందులో అసలు ప్రాణమంతా ఆ రెండో ముక్కలో ఉంది. అస్పష్టంగా ఉంటే చాలదు, తేల్చుకునే దారి కూడా లేకుండా ఉండాలి. చట్టంలోనే ఉదాహరణలిచ్చారు. 'వంద టన్నుల నూనె అమ్ముతా' అంటే చెల్లదు, ఏ నూనెని? అదే మాట కొబ్బరినూనె తప్ప ఇంకేదీ అమ్మని వర్తకుడంటే చెల్లుతుంది. అతని వ్యాపారమే జవాబు చెప్తుంది. 'నా తెల్లగుర్రం 500కో 1000కో ఇస్తా' అంటే చెల్లదు. రెండిట్లో ఏదో చెప్పేవాడు లేడు. వెయ్యి మణుగుల బియ్యం, ధర ఫలానా మూడోమనిషి కట్టినంత అంటే చెల్లుతుంది. ధర ఇవాళ తెలియదు, కానీ తెలుసుకునే దారుంది.

తర్వాత 1930 సేల్ ఆఫ్ గూడ్స్ చట్టం, 9వ సెక్షను. ధర ఒప్పందంలో ఉండొచ్చు, లేదా ఒప్పందంలో చెప్పిన పద్ధతిలో తేల్చొచ్చు, లేదా ఇద్దరి మధ్యా ఇన్నాళ్ళూ నడిచిన లావాదేవీల్ని బట్టి తెలియొచ్చు. ఇవేవీ కాకపోతే కొన్నవాడు సబబైన ధర కట్టాలి. మళ్ళీ మెట్లే! పదో సెక్షన్లో ఇంకో మెలిక ఉంది. ధర కడతానన్న మూడోమనిషి కట్టకపోతే ఒప్పందం రద్దవుతుంది, కానీ సరుకు అప్పటికే తీసుకుని వాడేసుకుంటే మాత్రం సబబైన ధర ఇవ్వాల్సిందే. వాడుకున్నది వాడుకున్నదే.

మరి 'మాట్లాడుకుని నిర్ణయించుకుంటాం' అని రాస్తే? దీనిమీద ఇంగ్లండులో మూడు కేసులున్నాయి, ఇప్పటికీ మన లాయర్లు వీటిని తలుచుకుంటారు.

మొదటిది మే అండ్ బుచర్ కేసు, 1929లో హౌస్ ఆఫ్ లార్డ్స్ తేల్చింది. మొదటి ప్రపంచయుద్ధం అయిపోయాక మిగిలిన డేరాల సరుకు ప్రభుత్వం దగ్గర గుట్టలుగా ఉంది. ఓ కంపెనీ కొంటానంది. ధర ఎప్పటికప్పుడు ఇద్దరూ ఒప్పుకున్నంత అని రాసుకున్నారు. ఒప్పుకోవడం కుదరలేదు. లార్డ్స్ ఏమన్నారంటే అసలు ఒప్పందమే పుట్టలేదు పొమ్మన్నారు. ఇక్కడే ఓ తమాషా. ధర గురించి ఏమీ రాయకుండా వదిలేసి ఉంటే చట్టం వచ్చి సబబైన ధర పూరించేది. 'మేం ఒప్పుకుంటాం' అని రాయడం వల్ల చట్టానికి ఖాళీ లేకుండా పోయింది.

మా బాబాయికి ఇది చెప్తే ఆయన ఒక్క ముక్కలో తేల్చేశాడు. "ఏమీ రాయకపోతే కోర్టు రాస్తుందిరా. మేమే రాసుకుంటామని చెప్పి రాసుకోకపోతే కోర్టేం చేస్తుంది?"

రెండోది హిల్లాస్ కేసు, 1932. రష్యా కలప. 1930కి కొన్నారు, 1931కి ఇంకో లక్ష స్టాండర్డులు కొనే హక్కు ఉంటుందని రాసుకున్నారు, వివరాలు మాత్రం అరకొర. అదే లార్డ్స్ ఈసారి చెల్లుతుందన్నారు. ఏడాదిపాటు ఇద్దరూ వ్యాపారం చేశారు, ఆ కలప వ్యాపారం పద్ధతులు ఇద్దరికీ తెలుసు, వాటితో ఖాళీలు నింపొచ్చు. వర్తకులు క్లుప్తంగా రాసుకుంటారు, కోర్టు వాటిని చెడగొట్టే చూపుతో చదవకూడదన్నది దీని సారం.

మూడోది ఫోలీ కేసు, 1934. ఓ పెట్రోలు బంకు యజమాని పక్కనున్న తన స్థలాన్ని బస్సుల కంపెనీకి అమ్మాడు. పెట్రోలంతా నా దగ్గరే కొనాలని షరతు. ధర ఎప్పటికప్పుడు రాతపూర్వకంగా ఒప్పుకున్నంత. అచ్చం డేరాల కేసులాంటి వాక్యమే. మూడేళ్ళు హాయిగా కొన్నారు. తర్వాత కంపెనీ వాళ్ళకి ఆ క్లాజులో పట్టు లేదని తట్టింది. అప్పీలు కోర్టు ఒప్పుకోలేదు. మూడేళ్ళు నడిచింది, తగువొస్తే ఆర్బిట్రేషనుంది, పైగా ఆ షరతు మీదే స్థలం వచ్చింది. సబబైన ధరకి కొనాల్సిందే అంది.

డేరాల కేసుకీ పెట్రోలు కేసుకీ తేడా వాక్యంలో లేదు, జరిగిన కథలో ఉంది. మొదలవ్వకముందు తగువొస్తే 'చూసుకుందాంలే' చెల్లదు అనే వాదనకి బలం ఎక్కువ. మూడేళ్ళు వాడుకున్నాక అదే వాదన చేస్తే కోర్టు మొహం వేరేగా పెడుతుంది.

మన సుప్రీంకోర్టుది కూడా దాదాపు ఇదే దారి. 1961లో ధన్‌రాజమల్ కేసులో 'మామూలుగా ఉండే ఫోర్స్ మేజర్ క్లాజుకి లోబడి' అన్న మాట అస్పష్టం కాదంది, ఆ వ్యాపారంలో మామూలేమిటో తెలుసుకోవచ్చు కాబట్టి. 1968లో ఆంధ్రప్రదేశ్ నుంచే వెళ్ళిన కొల్లిపర శ్రీరాములు కేసులో, స్థలం, ధర తేలాక డబ్బు ఎలా చెల్లించాలన్నది తేలనంత మాత్రాన ఒప్పందం పోదంది. ముఖ్యమైన షరతులు కుదిరాయా లేదా అన్నదే చూస్తారు.

*

'ఇవన్నీ బియ్యం, కలప, పెట్రోలు కదా, సాఫ్ట్‌వేర్ ఏమన్నా సరుకా?' అని మీరు అడగొచ్చు. అది కూడా మన రాష్ట్రం కేసులోనే తేలింది. టాటా కన్సల్టెన్సీ సర్వీసెస్, ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం మధ్య అమ్మకం పన్ను తగువు. డబ్బాల్లో అమ్మే రెడీమేడ్ సాఫ్ట్‌వేర్ మీద రాష్ట్రం పన్ను వేసింది. సాఫ్ట్‌వేర్ అంటే మేధస్సు, వస్తువు కాదు అని కంపెనీ వాదన. 2004 నవంబరు 5న సుప్రీంకోర్టు అయిదుగురు జడ్జీల బెంచి సరుకే అని తేల్చింది. పుస్తకంలో ఉన్నదీ ఆలోచనే, పాటల క్యాసెట్లో ఉన్నదీ ఆలోచనే. ఒక మాధ్యమంలోకి ఎక్కి, కొనడానికీ అమ్మడానికీ వీలైనప్పుడు అది సరుకే. 2021 మార్చిలో ఇంజినీరింగ్ ఎనాలిసిస్ కేసులో, అలాంటి రెడీమేడ్ సాఫ్ట్‌వేర్‌కి కట్టే డబ్బు కాపీరైటుకి కట్టే రాయల్టీ కాదని కూడా అదే కోర్టు చెప్పింది.

ఇవి పన్ను కేసులు, ధర కేసులు కావు. అయినా రెడీమేడ్ సాఫ్ట్‌వేర్ సరుకైతే, 9వ సెక్షను మెట్లు దానికీ వర్తిస్తాయని వాదించడానికి గట్టి ఆధారం దొరికినట్టే. క్లౌడు మీద నెలనెలా వాడుకునేవాటికీ, మనకోసం ప్రత్యేకంగా రాయించుకున్నవాటికీ ఇది అంత సూటిగా అతకదు. 2017లో వచ్చిన జీఎస్టీ చట్టం సాఫ్ట్‌వేర్ తయారీనీ దాని లైసెన్సునీ సేవల కిందే లెక్కగట్టింది. అక్కడ ఇంకో తలుపుంది. కాంట్రాక్టు చట్టం 70వ సెక్షను ప్రకారం, ఊరికే ఇచ్చే ఉద్దేశం లేకుండా ఒకడు చేసిన పనివల్ల లాభం పొందినవాడు దానికి పరిహారం ఇవ్వాలి. ఏ తలుపులోంచి వెళ్ళినా చేరేది ఒక్క చోటికే. వాడుకున్నది ఉచితం కాదు.

కాపీరైటు చట్టంలో ఒక విచిత్రం కనబడింది నాకు. 19వ సెక్షను హక్కుల బదిలీ గురించి, 30ఎ సెక్షను దాన్నే లైసెన్సులకి కూడా తగినట్టు వర్తింపజేస్తుంది. గడువు రాయకపోతే అయిదేళ్ళు అనుకోవాలి. ఏ ప్రాంతానికో రాయకపోతే ఇండియా వరకు అనుకోవాలి. ఈ రెండిటికీ డిఫాల్టులున్నాయి. రాయల్టీ, ఇతర ప్రతిఫలం ఎంతో మాత్రం ఒప్పందంలో రాయాలి అని ఊరుకుంది, రాయకపోతే ఇంత అనే డిఫాల్టు ఇవ్వలేదు. గడువునీ హద్దునీ చట్టం ఊహించగలదు. డబ్బుని ఊహించే సాహసం చెయ్యలేదు.

*

ఇప్పుడు కుంచం దగ్గరికొద్దాం. చాలామంది లైసెన్సులో రేటు ఉందా లేదా అని చూస్తారు. నేనూ ఇప్పుడు చూస్తా. కానీ ఈ పదేళ్ళలో పెద్ద తగువులన్నీ రేటు మీద కాదు, కొలత మీద వచ్చాయి.

మనలో చాలామందికి శాప్ అన్నం పెట్టింది కాబట్టి ఈ కథ తెలిసే ఉంటుంది. జానీవాకర్, గిన్నెస్ తయారుచేసే డియాజియో కంపెనీ 2004లో శాప్ లైసెన్సు తీసుకుంది. ఫీజు 'నేమ్‌డ్ యూజర్ల' లెక్కన. తర్వాత 2011-12లో సేల్స్‌ఫోర్స్ మీద రెండు అప్లికేషన్లు కట్టుకుంది, ఒకటి సేల్స్ వాళ్ళకి, ఇంకోటి కస్టమర్లు సొంతంగా ఆర్డర్లు పెట్టుకోవడానికి. అవి వెనకాల శాప్‌తో మాట్లాడతాయి. ఆ కస్టమరు శాప్‌లో లాగిన్ అవ్వడు, శాప్ స్క్రీను చూడను కూడా చూడడు. వాడు యూజరేనా? ఒప్పందంలో 'నేరుగా గానీ పరోక్షంగా గానీ' అని ఉంది. 2017 ఫిబ్రవరిలో లండన్ హైకోర్టు యూజరే అంది, అదనపు ఫీజు సూత్రప్రాయంగా కట్టాల్సిందే అంది. శాప్ అడిగింది సుమారు 5 కోట్ల 45 లక్షల పౌండ్లు. ఎంత కట్టాలన్నది వేరే విచారణకి వదిలింది. గమనించండి, 'పరోక్షంగా' అన్న మాట అస్పష్టం కాబట్టి చెల్లదు పొమ్మనలేదు. ఆ మాటకి ఓ అర్థం ఇచ్చింది. 2018లో శాప్ కూడా ఇలాంటి వాడకానికి మనుషుల్ని కాకుండా తయారయ్యే డాక్యుమెంట్లని లెక్కపెట్టే పద్ధతి తెచ్చింది. కుంచం మార్చిందన్నమాట.

ఇంకో కథ 2023 సెప్టెంబరుది. గేములు తయారుచేసే యూనిటీ ఇంజిను వాళ్ళు, ఒక పరిమితి దాటాక గేము ఇన్‌స్టాల్ అయిన ప్రతిసారీ ఫీజు కట్టాలన్నారు. రేటు అంకెల్లోనే ఉంది, గరిష్ఠంగా 20 సెంట్లు. మరి ఎన్నిసార్లు ఇన్‌స్టాల్ అయిందో ఎవరు లెక్కపెడతారు? మా సొంత లెక్కింపు పద్ధతి ఉంది, మేమే అంచనా వేస్తాం అన్నారు. ప్రపంచమంతా గేము డెవలపర్లు తిరగబడ్డారు. పది రోజుల్లోనే దిగొచ్చి, మీ లెక్క మీరే చెప్పండి, ఆదాయంలో 2.5 శాతం మించదు అన్నారు. సరిగ్గా ఏడాదికి, 2024 సెప్టెంబరులో ఆ ఫీజునే ఎత్తేశారు. రేటు ఎంత కచ్చితంగా ఉన్నా, చేలో నిలబడి పంట అంచనా వేసేది దివాణం మనిషైతే రైతు ఒప్పుకోడు. శాన్‌ఫ్రాన్సిస్కో అయినా, మునగాలైనా ఒకటే.

*

మా కథ ఏమైందో చెప్తా. లాయరుగారి దగ్గరికెళ్తే ఆవిడ ఆ క్లాజు ఒక్కసారి చదివి పక్కన పెట్టేశారు. "ఈ రెండేళ్ళ మెయిళ్ళు, ఇన్వాయిసులు అన్నీ తీసుకురండి" అన్నారు. వెతికితే మొదటి ఏడాది మధ్యలో మేం అదనంగా వాడుకున్న రిపోర్టులకి వాళ్ళు పంపిన చిన్న ఇన్వాయిసొకటి దొరికింది. రిపోర్టుకింత అని. మేం కిక్కురుమనకుండా కట్టేశాం, ఇద్దరం మర్చిపోయాం. ఆ కాగితమే మమ్మల్ని కాపాడింది. ఇద్దరి మధ్యా నడిచిన లావాదేవీ అదే కదా. ఆ రేటుతో లెక్కేస్తే అడిగినదాంట్లో 40 శాతం చిల్లర తేలింది. కోర్టుకెళ్ళకుండానే ఒప్పుకున్నారు, కట్టాం.

గెలిచామని పార్టీ చేసుకోలేదు. ఆ 40 శాతం కూడా మా స్థాయికి చిన్న మొత్తం కాదు. ఆ ఏడు చేరాల్సిన ఇద్దరు ఫ్రెషర్ల ఆఫర్లు కంపెనీ ఆపేసింది. అందులో ఒకడు మా జిల్లా పిల్లాడే, ఇంటర్వ్యూ చేసింది నేనే. "అన్నా, ఎప్పుడు చేరమంటారు?" అని ఫోన్ చేసినప్పుడు ఏం చెప్పాలో తెలియలేదు. ఓ వాక్యం చదివి చూసుకుందాంలే అనుకున్నది నేను, చూసుకోవాల్సొచ్చింది వాడు.

*

మళ్ళీ టోల్‌గేటు. ఇంటికొచ్చాక ఆ బోర్డు మీద అంకెలు ఎక్కణ్ణుంచి వస్తాయా అని చూశా. 2008 నాటి జాతీయ రహదారుల ఫీజు నియమాలు. 2007-08కి కారుకి కిలోమీటరుకి 65 పైసలు మూల రేటు. అది ఏటా 3 శాతం పెరుగుతుంది, చక్రవడ్డీ లెక్కన కాదు. దానిపైన టోకు ధరల సూచీ పెరుగుదలలో 40 శాతం. తిరుగు ప్రయాణం కలిపితే ఒకటిన్నర రెట్లు. వచ్చిన అంకెని దగ్గర్లోని 5 రూపాయలకి సవరిస్తారు. గేటుకి 20 కిలోమీటర్లలోపు ఉండే సొంత బండి వాళ్ళకి నెల పాసు విడిగా. 2007లో కూర్చుని 2030లో రేటెంతో ఎవరూ చెప్పలేరు, కానీ 2030లో ఎవరు లెక్కేసినా ఒకే జవాబొస్తుంది. 'స్పష్టం చేసుకునే వీలు' అంటే ఇదే. అంకె తెలియక్కర్లేదు, సూత్రం తెలిస్తే చాలు. సూచీని అటువాళ్ళూ ఇటువాళ్ళూ ముట్టుకోలేరు.

అలాగని ఆ రోడ్డు ఒప్పందంలో తగువులే రాలేదనుకోకండి. 2009లో జీఎంఆర్ ఆ పని తీసుకుంది, 2012 చివర్లో టోలు వసూలు మొదలైంది, 2014లో రాష్ట్రం రెండయింది. విభజన వల్ల ట్రాఫిక్ పడిపోయింది, ఇది ఒప్పందంలో చెప్పిన 'చట్టంలో మార్పు' కిందికొస్తుంది అని కంపెనీ, రాదని జాతీయ రహదారుల సంస్థ. ఆర్బిట్రేషన్లు, ఢిల్లీ హైకోర్టు అన్నీ అయ్యాయి. 2024 జులై నుంచి టోలు వసూలు రహదారుల సంస్థ చేతికే వచ్చింది. రేటుకి సూత్రం రాసినవాళ్ళు కూడా ఇంకో మాటని వదులుగా వదిలేశారు. తగువు సరిగ్గా ఆ సందులోంచే వచ్చింది.

కాబట్టి నాలాంటి 'టెక్నికల్‌గా ఓకే' గాళ్ళకి నా సలహా నాలుగు ముక్కలు. రేటుకన్నా ముందు కొలమానం చూడండి: యూజరా, కోరా, రిపోర్టా, అది ఒక్క వాక్యంలో నిర్వచించారా? ఆ కొలత ఎవరి లాగుల్లోంచి తీస్తారు, రెండోవాళ్ళు సరిచూసుకునే వీలుందా? 'మాట్లాడుకుని నిర్ణయించుకుంటాం' అని ఉంటే, మాట కుదరకపోతే ఏ రేటు నడుస్తుంది, ఎవరు తేలుస్తారు అన్నది రాయించండి, పాత రేటు మీద ఇంత శాతం అన్నా చాలు. ఆఖరిది, ప్రతి చిన్న ఇన్వాయిసూ దాచండి, కట్టేముందు ఆలోచించండి. మీరు నోరు మూసుకుని కట్టిందే రేపు మీ రేటవుతుంది. మాకు అది కలిసొచ్చింది, అందరికీ కలిసి రాకపోవచ్చు.

వదులుగా రాసిన ఫీజు క్లాజు చెల్లుతుందా అంటే నా జవాబు: చాలాసార్లు చెల్లుతుంది, కానీ మీరనుకున్న రేటుకీ కాదు, వాళ్ళనుకున్న రేటుకీ కాదు. మీ ఇద్దరికీ సంబంధం లేని మూడోమనిషి, ఎప్పుడో మీరు మర్చిపోయిన కాగితాలు చూసి కట్టిన రేటుకి.

వచ్చేటప్పుడు బాబాయి అడిగాడు, "ఇప్పుడు చేస్తున్న కంపెనీలో అన్నా కాగితాలు సరిగ్గా చదువుతున్నావా?"

"చదువుతున్నా బాబాయ్."

"ముచ్చిలికా తీసుకుంటున్నావా?"

తీసుకుంటున్నా. సంతకాలయిన కాపీ ఒకటి నా ఫోల్డర్లో కూడా పెట్టుకుంటున్నా. మీ దగ్గరున్న లైసెన్సు కాగితాల్లో 'తగిన', 'ఎప్పటికప్పుడు', 'పరోక్షంగా' అన్న మాటలు ఎన్ని చోట్లున్నాయో ఓసారి లెక్కపెట్టండి.